పడుకుని పేల్చే తుపాకి

కిందటి వారం మనం వదిలిపెట్టేసరికి కెప్టెన్ ఇగ్నాజ్ హ్రూబీ ఇటుకల బట్టీ గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఒక ప్రష్యన్ తుపాకి ఉంది. దాని సొంతదారు గోధుమ చేలో వెల్లకిలా పడి ఉన్నాడు, ఇక దానితో అతనికి పని లేదు. ముందు రోజు ఇగ్నాజ్ కొలువు చేసే చక్రవర్తి సైన్యం కొండమీది చెర్రీ తోటను బాయ్‌నెట్లతో పట్టుకోవడానికి బాజాలు వాయించుకుంటూ, తెల్ల కోట్లు వేసుకుని, భుజానికి భుజం ఆనించుకుని వెళ్ళింది. వెళ్ళినవాళ్ళలో సగం మంది తిరిగి రాలేదు. బెటాలియన్‌కు పెద్ద అయిన మేజర్ గోట్‌ఫ్రీడ్ లెంగ్‌ఫెల్డ్ తిరిగి వచ్చాడు గానీ, ఎడమ చేతిలో గుండు దిగింది. ఆ మేజర్ ఇగ్నాజ్‌కు పిల్లనిచ్చిన మామ కూడా.

తెల్లవారింది. ఎండ ఇంకా పదునెక్కలేదు. బట్టీ వెనక, వాగు మీద ఒకే ఒక్క రాతి వంతెన. గాయపడినవాళ్ళ బళ్ళు, ఫిరంగులు, రొట్టెల బళ్ళు అన్నీ దాని ముందు ఇరుక్కుని నిలబడ్డాయి. ఒక బండి చక్రం విరిగితే చాలు, వెనక ఉన్నదంతా ఆగిపోతుంది. కొండమీద ప్రష్యన్లు తీరుబడిగా చెర్రీపళ్ళు కోసుకుని తింటున్నారు. "పైకి రండిరా, పళ్ళు పండాయి" అని ఒకడు జర్మన్‌లో కేకేశాడు. ఇటువైపు నుంచి కార్పొరల్ షిమెక్, పళ్ళు మీరు తినండి, పిక్కలు మాత్రం దాచిపెట్టండి, మీ గోరీల మీద నాటుతాం అని జవాబిచ్చాడు. గోడ వెంట కూర్చున్నవాళ్ళు నవ్వారు. నిన్నటి నుంచి వాళ్ళు నవ్వడం అదే మొదలు.

నవ్వు ఆగకముందే గుర్రపు దళం లెఫ్టినెంట్ బెర్టోల్డ్ వచ్చాడు. బ్రిగేడియర్ గారి మాటలు మోసుకు తిరగడం అతని పని. గుర్రం దిగకుండానే ఉత్తర్వు చెప్పాడు. ఫిరంగులు మోగగానే బెటాలియన్ మళ్ళీ బాయ్‌నెట్లతో కొండెక్కి తోటను పట్టుకోవాలి. బళ్ళు వంతెన దాటేదాకా శత్రువు అటు తిరగకూడదు. వాగుకు ఎడమ పక్కనున్న బెటాలియన్ కూడా అదే సమయానికి కదులుతుంది. చెప్పవలసింది చెప్పి, గుర్రాన్ని తిప్పి వెళ్ళిపోయాడు.

మేజర్ అల్లుణ్ణి ఇటుకలు ఆరబెట్టే పాకలోకి పిలిచాడు. లోపల పచ్చి మట్టి వాసన. కాలని ఇటుకలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ముసలాయన ఒక వరస మీద కూర్చుని, కట్టు కట్టిన చేతిని తొడ మీద పెట్టుకున్నాడు. నొప్పికి ముఖం పాలిపోయింది గానీ మీసాలు మాత్రం ఆ పొద్దున కూడా దువ్వుకున్నాడు.

"నీ కంపెనీని నేను తీసుకెళ్తాను. నువ్వు గాయపడినవాళ్ళ బళ్ళతో వంతెన దాటి వెళ్ళు" అన్నాడు.

ఇగ్నాజ్‌కు ముందు అర్థం కాలేదు. గాయపడినవాళ్ళ వెంట వెళ్ళడానికి డాక్టరు ఉన్నాడు, ఆయన కింద మనుషులున్నారు. ఒంటి మీద గీత పడని కెప్టెన్ బళ్ళతో వెళ్ళడం, చేతిలో గుండు దిగిన ముసలాయన కంపెనీని కొండెక్కించడం, ఇదేం ఏర్పాటు? తరవాత ఒక్కసారిగా అర్థమైంది. ఓలోమొత్స్ పట్నంలో ఇగ్నాజ్ భార్య థెక్లాకు నెలలు నిండుతున్నాయి.

"ఇది మేజర్ గారి ఉత్తర్వా, మావయ్య గారి మాటా?" అని అడిగాడు.

"రెండింటికీ తేడా ఏముంది?"

"ఉంది. మేజర్ గారి ఉత్తర్వైతే వింటాను. మావయ్య మాటైతే వినను."

మేజర్ తల ఎత్తకుండా, తన మనసులో ఉన్నది చెప్పేశాడు.

"దానికి తల్లి లేదు. నేను పోతే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. ఎలాగూ పోవలసిన వయసే అనుకుంటుంది. నువ్వు పోతే అది తట్టుకోలేదు, అల్లుడూ. రాత్రంతా నేను ఆలోచించింది ఇదొక్కటే."

ఇగ్నాజ్‌ను ఈయన పద్దెనిమిదేళ్ళ క్యాడెట్‌గా ఉన్నప్పటి నుంచి పెంచాడు. గుర్రమెక్కడం నేర్పాడు, అందరి ముందూ తిట్టాడు, ఎవరూ లేనప్పుడు భోజనానికి పిలిచాడు. మిల్లు నడుపుకునేవాడి కొడుక్కి కూతుర్నిచ్చినందుకు తోటి ఆఫీసర్లు వెనక నవ్వుకుంటే వినపడనట్టు ఊరుకున్నాడు. అలాంటి మనిషి ఇప్పుడు తన బదులు చావడానికి తయారై కూర్చున్నాడు.

"మీరు పోతే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుందని మీకెవరు చెప్పారు?" అన్నాడు. "నేను ఇంటికి వెళ్ళి దాని ముందు నిలబడి ఏం చెప్పాలి? మీ నాన్న కొండెక్కుతుంటే నేను రొట్టెల బండి పక్కన నడుచుకుంటూ వచ్చేశానని చెప్పాలా? ఆ తరవాత జీవితమంతా అది నా ముఖం ఎలా చూస్తుంది?"

ఇగ్నాజ్ ఎదురుగా ఇటుకల మీద కూర్చున్నాడు. ఇక కోపం వల్ల లాభం లేదు. ముసలాయనకు తర్కం నచ్చుతుంది, దాంతోనే దారి వెతకాలి.

మనం వెళ్ళేది తోట కోసమా, వంతెన కోసమా అని అడిగాడు. వంతెన కోసమేనని మేజర్ ఒప్పుకున్నాడు. అయితే తోటతో మనకేం పని అన్నాడు ఇగ్నాజ్. నిన్న తను ఒక సంగతి గమనించాడు. సైన్యం చేలో దూరంగా ఉన్నంతసేపూ పెద్దగా ఎవరూ పడలేదు. ప్రష్యన్ సూది తుపాకి దగ్గరికొస్తేనే చంపుతుంది, దూరానికి దాని గుండు తేలిపోతుంది. మన తుపాకి ఆలస్యంగా నింపినా దూరానికి సూటిగా వెళ్తుంది. దాని బలం దగ్గర, మన బలం దూరం. మనమేమో మన బలం వదిలేసి, పరిగెత్తుకుంటూ వెళ్ళి దాని బలం ముందు నిలబడుతున్నాం. బట్టీ ముందు మట్టి బళ్ళు తిరిగి తిరిగి మనిషి లోతున దిగిపోయిన బాట ఒకటుంది. అందులో నిలబడి నింపుకోవచ్చు, గట్టు మీద మోచేతులు ఆనించి కాల్చవచ్చు. ప్రష్యన్లు వంతెన వైపు దిగాలంటే ఆ చేలోంచే దిగాలి. దిగనిద్దాం.

"ఇటలీలో నేనున్నాను, నువ్వు లేవు" అన్నాడు మేజర్. ఏడేళ్ళ కిందటి సంగతి చెప్పసాగాడు. మంచి తుపాకులు చేతిలో ఉన్నాయని మనవాళ్ళు ఉన్నచోటే నిలబడి కాల్చుకుంటూ ఉండిపోయారు. ఫ్రెంచివాళ్ళు పొగలోంచి పరిగెత్తుకొచ్చి బాయ్‌నెట్లతో మీద పడ్డారు. ఆ రోజు ఆయన తమ్ముడు పోయాడు. తుపాకి కన్నా కాళ్ళు ముఖ్యమని సైన్యం నేర్చుకున్నది అక్కడే. అదొక పుస్తకంలో చదివిన మాట కాదు, ఆయన సొంత ఇంట్లో శవం లేస్తే తెలిసిన మాట.

"ఆ రోజు ఫ్రెంచివాళ్ళు పరిగెత్తింది మన తుపాకుల మీదికి, మావయ్యా. మనం ఒకసారి పేల్చి, మళ్ళీ మందు పోసి, చువ్వతో గుండు దింపేలోగా వాళ్ళు మన మీద పడ్డారు. ఆ సందు దొరికింది కాబట్టి గెలిచారు. ఈ కొండమీద ఆ సందు లేదు. వీళ్ళ దగ్గర చువ్వే లేదు."

అంటూ తన వెంట తెచ్చిన ప్రష్యన్ తుపాకిని మామ పక్కన పెట్టాడు.

మేజర్ దాన్ని వెంటనే ముట్టుకోలేదు. తరవాత, ఇంటికొచ్చిన కొత్త అతిథిని చూసినట్టు, పైనుంచి కిందికి చూశాడు. వెనక భాగంలో తలుపు గడియలాంటి ఇనుప పిడి ఉంది. కుడిచేత్తో దాన్ని పైకి లేపి వెనక్కి లాగాడు. గొట్టం వెనక చిన్న గది తెరుచుకుంది. ఇగ్నాజ్ చచ్చిపోయిన ప్రష్యన్ సంచిలోంచి తెచ్చిన కాగితపు తూటా ఒకటి అందించాడు. మేజర్ దాన్ని గదిలోకి తోసి, గడియ ముందుకు నెట్టి, కిందికి దించాడు. అంతే, నిండింది.

"దీనికి టోపీ పెట్టక్కర్లేదా?" అని అడిగాడు. తమ తుపాకికైతే మందు పోసి, గుండు కూరి, చివర పేలుడు టోపీ వేరుగా తొడగాలి. అక్కర్లేదని, లోపల సన్నటి సూది ఉందని, మీట నొక్కితే అది కాగితాన్ని చీల్చుకుని లోపలికి వెళ్ళి తూటాని మధ్యలో పేలుస్తుందని ఇగ్నాజ్ చెప్పాడు.

ముసలాయన లేచి పాక వెనక వైపు నడిచాడు. అక్కడ మట్టి తవ్విన గొయ్యి ఉంది. గొయ్యి గట్టున, అందరూ చూస్తుండగా, చక్రవర్తి గారి మేజర్ బోర్లా పడుకున్నాడు. కట్టు కట్టిన చెయ్యి పక్కకు పెట్టుకున్నాడు. తుపాకి గొట్టాన్ని ఒక ఇటుక మీద ఆనించి, ఎదుటి మట్టి గోడకు గురిచూసి పేల్చాడు. గడియ సందుల్లోంచి మసి, వేడి గాలి ఎగజిమ్మి ఆయన ముఖాన కొట్టాయి. దువ్విన మీసం నల్లబడింది.

"ఇది ఉమ్ముతుంది కూడా" అన్నాడు. కానీ లేవలేదు. ఒక్క చేత్తోనే గడియ లాగాడు, తూటా పెట్టాడు, మూశాడు, పేల్చాడు. మళ్ళీ లాగాడు. షిమెక్ పక్కన కూర్చుని తూటాలు అందిస్తున్నాడు. ఇంకోసారి పేలింది. ఇంకోసారి. మనిషి ఒక్క అంగుళం లేవలేదు, మోకాలైనా మడవలేదు.

ఆ తరవాత తుపాకి మీద చెయ్యి వేసి అలాగే పడుకుండిపోయాడు. ఆయన ఏం ఆలోచిస్తున్నాడో ఇగ్నాజ్‌కు తెలుస్తూనే ఉంది. తమ తుపాకిని ఒంటిచేత్తో నింపడం ఎవరి తరమూ కాదు. చెయ్యి పోయినవాడు యుద్ధంలోంచి పోయినట్టే. పైన తోటలో మాత్రం చెయ్యి విరిగినవాడు, కాలు విరిగినవాడు, చెట్టు కింద పడుకుని లేవలేనివాడు, అందరూ ఇంకా కాలుస్తూనే ఉంటారు. కొండెక్కేవాళ్ళకు కనపడేది చెట్లు మాత్రమే. వాళ్ళకు కనపడేది నిటారుగా నడిచొచ్చే తెల్ల కోట్లు.

"నిన్న నేను వాళ్ళని అందులోకి నడిపించాను" అన్నాడు మేజర్, ఎవరితోనూ కాదు.

ఇగ్నాజ్ వంగి ఆయన్ని లేపాడు. ముసలాయన కోటు దులుపుకోలేదు. ఉత్తర్వులో శత్రువు వంతెన వైపు తిరగకూడదన్న ముక్క ఉందా అని అడిగాడు. ఉందన్నాడు ఇగ్నాజ్. "ఆ ముక్కని మనం పాటిద్దాం. మిగతా ముక్కకి జవాబు నేను చెప్పుకుంటాను. నీ బాట ఎక్కడుందో చూపించు."

ఫిరంగులు మోగే సమయానికి బెటాలియన్ మొత్తం ఆ పల్లపు బాటలో దిగింది. ఇగ్నాజ్ మనుషుల్ని కొత్తగా సర్దాడు. గురి బాగా కుదిరినవాళ్ళని గట్టు దగ్గర నిలబెట్టాడు. మిగిలినవాళ్ళు వాళ్ళ వెనక నిలబడి తుపాకులు నింపి అందిస్తూ ఉండాలి. గురిగాళ్ళలో మొదటివాడు షిమెక్. సైన్యంలోకి రాకముందు అతను ఒక జమీందారు అడవిలో దొంగచాటుగా జింకల్ని కొట్టి రెండుసార్లు జైలుకి వెళ్ళాడు. "ఇన్నాళ్ళకి నా దొంగతనం చక్రవర్తి గారికి పనికొచ్చింది. ఆ జమీందారుకి ఎవరైనా కబురు చెయ్యండి" అన్నాడు గట్టు మీద మోచేతులు సర్దుకుంటూ.

వాగుకు అవతల, ఎడమ పక్క బెటాలియన్ బాజా మొదలైంది. ఆ కవాతు పాట ఇగ్నాజ్‌కు బాగా తెలుసు, తన పెళ్ళిలో కూడా వాయించారు. బాటలో ఉన్నవాళ్ళందరూ అటు చెవి ఒగ్గారు. పాట కొండ వైపు ఎక్కింది. తరవాత తోట అంచున ఆ చప్పుడు లేచింది. వడగళ్ళు రేకు మీద పడినట్టు, మధ్యలో ఊపిరి తీసుకోని చప్పుడు. ముందు డప్పు ఆగింది. బూరలు కొంచెంసేపు సాగాయి. చివరికి ఒకే ఒక్క సన్నాయి మిగిలింది, అది కూడా చరణం మధ్యలో ఆగిపోయింది. మేజర్ తల మీద టోపీ తీశాడు. ఆయన్ని చూసి అందరూ తీశారు.

ఆ తరవాత ప్రష్యన్లు దిగారు. ఎడమ పక్క పని అయిపోయింది కాబట్టి ఇక వంతెన తమదేననుకున్నారు కాబోలు, నీలం కోట్లు వేసుకుని గోధుమ చేలోకి విడివిడిగా దిగారు. ఇగ్నాజ్ కాల్చమనలేదు. వాళ్ళు విరిగిన కంచె దగ్గరికి వచ్చారు. ఆ దూరం నుంచి వాళ్ళ గుండు ఇక్కడికి చేరినా దానికి కాటు ఉండదని అతని లెక్క. లెక్క తప్పితే ఈ బాటే అందరికీ గొయ్యి అవుతుంది. థెక్లా ముఖం ఎందుకో గుర్తుకు రాలేదు, ఆమె చేతులు మాత్రం గుర్తొచ్చాయి.

కాల్చమన్నాడు.

పొగ తేలిపోయేసరికి కంచె దగ్గర నిలబడినవాళ్ళు పలచబడ్డారు. వెనక నుంచి నిండిన తుపాకులు వచ్చాయి, ఖాళీవి వెనక్కి వెళ్ళాయి. రెండోసారి పేలేసరికి నీలం కోట్లన్నీ నేలకు కరుచుకున్నాయి. పడుకుని పేల్చే తుపాకి వాళ్ళ చేతిలో ఉంది, పేల్చారు కూడా. గుళ్ళు గట్టు మట్టిలో దిగబడ్డాయి, కొన్ని తల మీదుగా బుయ్యిమంటూ పోయాయి, ఒకటి ఇగ్నాజ్ పక్కనున్న సైనికుడి చెంప గీసుకుపోయింది. వాళ్ళు లేచి ముందుకు రావాలని చూసినప్పుడల్లా షిమెక్, అతని జతవాళ్ళు ఒక్కొక్కర్నే చూసి దించారు. పడుకుని ఉన్నంతసేపూ వాళ్ళకు ప్రమాదం తక్కువే. కానీ పడుకున్న మనిషి వంతెన దగ్గరికి నడవలేడు కదా. ఇగ్నాజ్‌కు కావలసింది అంతే.

ఎండ నడినెత్తికి వచ్చింది. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా వంతెన మీద ఒక బండి కదులుతూ కనిపించింది. ఒకసారి గాయపడినవాళ్ళ బండి, ఒకసారి ఫిరంగి, ఒకసారి ఆవుని తోలుకుపోతున్న వంటవాడు. ఆ వంటవాణ్ణి చూసి బాటలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. చివరి బండి అవతలి ఒడ్డున చెట్ల వెనక్కి మళ్ళగానే కొండమీద బూర ఊదారు. నీలం కోట్లు పాకుతూ, తమవాళ్ళని ఈడ్చుకుంటూ, తోటలోకి వెనక్కి పోయాయి. వాళ్ళ గాయపడినవాళ్ళని మోసుకుపోయేవాళ్ళ మీద కాల్చవద్దని మేజర్ చెప్పాడు. షిమెక్ అప్పటికే తుపాకి దించేశాడు.

ఇగ్నాజ్ బాట పొడవునా నడిచాడు. పోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పక్కన ఆగాడు, పేరు పెట్టి పిలిచి కళ్ళు మూశాడు. కానీ మిగిలినవాళ్ళు ఎంతమంది! నిన్న సాయంత్రం హాజరు పిలిచినప్పుడు జవాబు రాని పేర్లకు అతని గొంతు పోయింది. ఇప్పుడు పిలవకుండానే పలుకుతున్నారు. ఒకడు రై రొట్టె విరిచి చేతిలో పెట్టాడు. ఇంకొకడు, ఇంటికెళ్ళాక మా ఆవిడకి మీ గురించి చెప్తాను కెప్టెన్‌గారూ, ఆవిడ మిమ్మల్ని భోజనానికి పిలుస్తుంది, వంట మాత్రం బాగుండదు, ముందే చెప్తున్నాను అన్నాడు. ఇంటికెళ్ళాక అన్న మాట ఆ నోట అంత తేలిగ్గా రావడం ఇగ్నాజ్ విన్నాడు. రొట్టె నమల్లేకపోయాడు.

మేజర్ గట్టుకు ఆనుకుని నీళ్ళు తాగుతున్నాడు. మీసం ఇంకా నల్లగానే ఉంది. అల్లుడు దగ్గరికి రాగానే, పుట్టేది మగపిల్లాడైతే సైన్యంలో చేర్చకు, మీ నాన్న మిల్లులో పెట్టు అన్నాడు. ఆడపిల్లయితే అన్నాడు ఇగ్నాజ్. ఆడపిల్లయితే దాని మాటే మనం వినాలి, మన ఇంట్లో అంతే కదా అని ముసలాయన మొదటిసారి నవ్వాడు.

అప్పుడే వంతెన మీద గిట్టల చప్పుడు వినిపించింది. లెఫ్టినెంట్ బెర్టోల్డ్ వస్తున్నాడు. పొద్దున గుర్రం దిగకుండా మాట్లాడినవాడు ఈసారి దిగి వచ్చాడు. టోపీ లేదు. కోటు మీద రక్తం ఉంది, అది అతనిది కాదు.

ఇగ్నాజ్ మామకు ముందుగా వెళ్ళి నిలబడ్డాడు. కొండెక్కకుండా ఇక్కడ ఆగుదామన్నది తన ఆలోచనేనని, శిక్ష ఏదైనా తనకేనని చెప్పాడు. మేజర్ వెనకనుంచి, ఆ కుర్రవాడి మాట పట్టించుకోకు, బెటాలియన్‌కి ఉత్తర్వు ఇచ్చేది నేను, ఇచ్చింది నేను అన్నాడు. బెర్టోల్డ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. వాళ్ళు మాట్లాడుతున్నది దేని గురించో అతనికి పట్టినట్టు లేదు.

"బ్రిగేడియర్ గారు పోయారు" అన్నాడు. "ఎడమ పక్క బెటాలియన్ ముందు ఆయనే నడిచారు. కర్నల్స్ ఇద్దరూ ఆయన వెంటే ఉన్నారు. ఇద్దరూ లేరు."

బెర్టోల్డ్ మడమలు కలిపి, మేజర్ లెంగ్‌ఫెల్డ్‌కు సెల్యూట్ చేశాడు.

"బ్రిగేడ్‌లో ఇప్పుడు అందరికన్నా పెద్ద మీరే, మేజర్ గారూ. జనరల్ గారి దగ్గర్నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. రేపు పొద్దున బ్రిగేడ్ మొత్తం, మిగిలిన ప్రతి మనిషీ, బాయ్‌నెట్లతో తోట మీదికి వెళ్ళాలి. జవాబు తీసుకుని రమ్మని నన్ను పంపారు. వెళ్తున్నామని చెప్పమంటారా?"

బాటలో కూర్చుని రొట్టె తింటున్నవాళ్ళందరూ నమలడం ఆపి మేజర్ వైపే చూస్తున్నారు. ఆయన వాళ్ళని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు, తరవాత అల్లుణ్ణి చూశాడు.

"మీ గుర్రం అలిసిపోయింది, లెఫ్టినెంట్" అన్నాడు. "దానికి నీళ్ళు పెట్టండి. మాకు కొత్త గుర్రాలు రెండు చూడండి. ఈ జవాబు మీతో పంపేది కాదు. నేనూ, మా అల్లుడూ జనరల్ గారి దగ్గరికి స్వయంగా వెళ్ళి చెప్తాం."